ఎడారి దేశంలో పాలధార



2017 జూన్ 5న పొరుగు దేశాలు ఖతార్‌తో సరిహద్దులు మూసేశాయి. అంతవరకు ఇక్కడి పాలు, పెరుగు చాలావరకు సౌదీ నుంచి లారీల్లో వచ్చేవి. ఆ జూలైలోనే బలద్నా సంస్థ కోసం 165 హోల్‌స్టీన్ ఆవులు విమానంలో దోహాలో దిగాయి. దోహాకు ఉత్తరాన అల్ ఖోర్ వైపు ఉన్న ఆ సంస్థ పాడిశాలలో నేడు వేల ఆవులున్నాయి. ఆవుల్ని విమానంలో తేవచ్చు గానీ, వాటి చేత పాలిప్పించడం వేరే సంగతి. ఎందుకో పొదుగును చూస్తే తెలుస్తుంది.

పొదుగులో నాలుగు గదులుంటాయి, ఒక్కోదానికి ఒక చన్ను. ఒక గదిలోని పాలు మరో గదిలోకి పోవు. అందుకే ఒక చన్నుకు జబ్బు చేసినా మిగిలిన మూడూ బాగానే ఉండవచ్చు. వెనుక గదులు ముందువాటికన్నా కొంచెం ఎక్కువ పాలిస్తాయి.

గదుల లోపల కంటికి కనిపించనంత చిన్న తిత్తులు లెక్కలేనన్ని ఉంటాయి. వాటి గోడల్లోని కణాలు రక్తం నుంచి నీరు, చక్కెర, మాంసకృత్తుల ముడిసరుకు తీసుకుని పాలు తయారుచేస్తాయి. ఒక లీటరు పాలకు సుమారు 400 నుంచి 500 లీటర్ల రక్తం పొదుగు గుండా ప్రవహించాలి. పాలలో దాదాపు 87 శాతం నీరే కనుక పాడి ఆవుకు రోజుకు వంద లీటర్ల దాకా నీళ్లు కావలసి రావచ్చు. ఎడారిలో ఇది చిన్న విషయం కాదు.

తయారైన పాలలో ఎక్కువ భాగం ఆ తిత్తుల్లోనే నిలిచి ఉంటుంది. దూడ కుడిచినా, పొదుగు కడిగి నిమిరినా ఆవు మెదడు నుంచి ఆక్సిటోసిన్ విడుదలై, తిత్తుల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. అప్పుడు పాలు కిందికి దిగుతాయి. మన ఊళ్లలో దీన్నే ఆవు చేపడం అంటాం. ఈ చేపు కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆవు బెదిరినా, నొప్పి పుట్టినా పాలు ఎగచేపుతుంది. యంత్రంతో పితికినా ఇదే సూత్రం. తొందరపెడితే పాలు రావు.

హోల్‌స్టీన్ చల్లని దేశపు జాతి. వేడి పెరిగితే మేత తగ్గిస్తుంది, పాలూ తగ్గుతాయి. అందుకే ఇక్కడి శాలల్లో నీడ, పంకాలు, నీటి తుంపరలు తప్పనిసరి. మన ఒంగోలు ఆవు ఎండకు బాగా ఓర్చుకుంటుంది గానీ, హోల్‌స్టీన్ అంత పాలివ్వదు.

పాలు తీశాక చన్ను రంధ్రం పూర్తిగా మూసుకోవడానికి అరగంటకు పైగా పడుతుంది. ఆలోగా ఆవు పేడలో పడుకుంటే క్రిములు లోపలికి చేరి పొదుగువాపు రావచ్చు. కాబట్టి పితికాక చన్నులకు మందు అద్ది, ఆవు నిలబడి ఉండేలా వెంటనే మేత వేస్తారు.

ఒక్క లీటరు వెనుక ఇంత నీరు, ఇంత శ్రమ, ఒక ప్రాణి నెమ్మది ఉన్నాయి. అభిషేకానికైనా, పాయసానికైనా కావలసినన్ని పాలే తెద్దాం. మిగిలితే పారబోయకుండా తోడు వేద్దాం. పాలు ఎక్కడి నుంచి వస్తాయని పిల్లలడిగితే, దుకాణం పేరుతో ఆపకుండా పొదుగు దాకా చెబుదాం.