తనంతట తాను నడిచే కారు: బాధ్యత ఎవరిది?

యంత్రానికి బుద్ధి అబ్బిందనీ, ఇకమీదట కారు నడపటానికి మనిషి అక్కరలేదనీ కొన్నేళ్లుగా వింటున్నాము. ఇందులో వాస్తవమెంత, అతిశయోక్తి ఎంత?

2004 మార్చిలో అమెరికా రక్షణశాఖ పరిశోధనా సంస్థ 'దార్పా' మొజావీ ఎడారిలో మనిషి లేని బళ్లకు పందెం పెట్టింది. దారి సుమారు 240 కిలోమీటర్లు. అన్నిటికంటే ముందు సాగిన బండి 12 కిలోమీటర్లయినా దాటలేదు. మరుసటి ఏడాది అయిదు బళ్లు గమ్యం చేరాయి; స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం బండి గెలిచింది. ఆశలు అక్కడినుంచే పెరిగాయి. కాని ఎడారిలో రోడ్డు దాటే పిల్లలు ఉండరు. 2019లో టెస్లా అధిపతి ఎలాన్ మస్క్ మరుసటి ఏటికల్లా పది లక్షల డ్రైవరు లేని టాక్సీలు వస్తాయన్నారు. 2020 వచ్చింది, పోయింది; ఆ టాక్సీలు రాలేదు.

అలాగని అంతా బూటకమనటం న్యాయం కాదు. గూగుల్‌లో పుట్టిన 'వేమో' సంస్థ కార్లు 2020 అక్టోబరులో ఫీనిక్స్ ప్రాంతంలోను, 2024లో శాన్‌ఫ్రాన్సిస్కోలోను స్టీరింగు ముందు ఎవరూ లేకుండానే సామాన్య ప్రజలను ఎక్కించుకోసాగాయి. అయితే అవి నిర్ణీత ప్రాంతాలలో, ముందే వివరంగా పటాలు గీసుకున్న వీధులలో నడుస్తాయి. బండి అయోమయంలో పడితే దూరాన కూర్చున్న మనుషులు సలహా ఇస్తారు. కనుక 'తనంతట తాను' అన్న మాటను అనువాదకుడు కాస్త ఆలోచించి వాడవలసి ఉంటుంది.

'బుద్ధి' సంగతీ అంతే. అరబీలో బుద్ధిని 'అఖ్ల్' అంటారు. దాని మూలార్థం కట్టివేయటం. ఒంటె కాలికి వేసే బంధం 'ఇఖాల్' ఆ ధాతువు నుంచి పుట్టినదే. విశేషమేమంటే, చనిపోయినవాని వారసులకు ఇచ్చే రక్తపరిహారానికి కూడా ఫిఖహ్ గ్రంథాలలో 'అఖ్ల్' అనే పేరుంది. బుద్ధి ఉన్నచోటే జవాబుదారీ ఉంటుంది. కృత్రిమ మేధను అడగవలసిన ప్రశ్న ఇదే.

2018 మార్చి 18 రాత్రి అరిజోనాలోని టెంపీ పట్టణంలో ఉబర్ సంస్థ పరీక్షిస్తున్న కారు, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక స్త్రీని ఢీకొని చంపింది. యంత్రం ఆమెను 5.6 సెకన్ల ముందే పసిగట్టింది. కాని ఒకసారి వాహనమనీ, ఒకసారి ఏదో వస్తువనీ, ఒకసారి సైకిలనీ లెక్కవేస్తూ పోయింది. కంప్యూటరు నడుపుతున్నంతసేపు కారుకున్న అత్యవసర బ్రేకు పనిచేయకుండా ఉంచారు. ఆ భారం సీటులో కూర్చున్న పర్యవేక్షకురాలిది. ఆమె కళ్లేమో ఫోను మీద ఉన్నాయి. 2019లో సంస్థపై క్రిమినల్ బాధ్యత లేదని ప్రాసిక్యూటరు తేల్చారు. 2023లో నేరం ఒప్పుకున్న పర్యవేక్షకురాలికి మూడేళ్ల ప్రొబేషను విధించారు.

స్వయంగా చేసినవాడూ, కారకుడూ ఇద్దరూ ఉన్నచోట బాధ్యత చేసినవానిదేనని ఉస్మానియా ప్రభుత్వం 19వ శతాబ్దంలో క్రోడీకరించిన 'మజల్లా' 90వ సూత్రం. పశువు తనంతట తాను చేసిన హానికి పరిహారం లేదని 94వ సూత్రం. మరి ఈ బండిని ఏ కోవలో చేర్చాలి? దానికి అఖ్ల్ లేదు గనుక 'చేసినవాడు' అనలేము. పశువూ కాదు, దాని ప్రతి కదలికా ఎవరో వ్రాసిన ఆదేశాల నుంచీ, ఎవరో ఎంచి ఇచ్చిన శిక్షణ నుంచీ వచ్చినదే. బ్రేకును నిలిపివేయాలని నిర్ణయించినవారిని కేవలం దూరపు కారకులనటం నాకు కష్టంగా ఉంది.

బ్రిటన్ పార్లమెంటు 2024లో చేసిన చట్టం ఈ చిక్కును కొంత విప్పింది. కారు తానే నడుస్తున్నప్పుడు అది ఎలా నడిచిందన్న దానికి లోపల కూర్చున్న మనిషి గాక, దానికి అనుమతి పొందిన సంస్థ జవాబు చెప్పాలి. అనుమతి లేని బండిని 'తానే నడిచే కారు' అని ప్రచారం చేయటం కూడా ఆ చట్టం ప్రకారం నేరమే.