‘కట్టు’కు ఆంగ్లంలో ఎన్ని క్రియలు? – తెలుగు అభ్యాసకుల ఆంగ్ల పద సాహచర్యాలు: పుత్తూరు ప్రాంత భాషా నేపథ్యం

వ్యాస సంగ్రహం

ఉన్నత విద్యలో ఉన్న తెలుగు అభ్యాసకునికి ఆంగ్లంలో ఎదురయ్యే ఇబ్బందికి తెలియని పదాల కంటే తెలిసిన పదాల కూర్పే ఎక్కువ కారణం. ఏ నామవాచకంతో ఏ క్రియ, ఏ విశేషణం కలిసి రావాలో నిర్ణయించేది అర్థయోగ్యత మాత్రమే కాదు. వాడుకలో స్థిరపడిన రూఢి. పుత్తూరు వంటి తెలుగు–తమిళ సరిహద్దు ప్రాంతపు భాషా నేపథ్యాన్ని ఆధారంగా చేసుకొని, చైనీయ అభ్యాసకుల అనుభవంతో పోలుస్తూ, ఈ సమస్య స్వరూపాన్ని, పరిశోధన రచనలో దాని పర్యవసానాలను, అభ్యాస మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: పద సాహచర్యం, కొలొకేషన్, యోగ్యత, రూఢి, మాతృభాషా ప్రభావం, ద్విభాషా నేపథ్యం, పరిశోధన రచన.

1. ఉపోద్ఘాతం

రేణిగుంట–అరక్కోణం రైలు మార్గంలో, తమిళనాడు సరిహద్దుకు చేరువలో ఉన్న పుత్తూరు పేరు వినగానే చాలామందికి గుర్తుకు వచ్చేది ‘పుత్తూరు కట్టు’. విరిగిన ఎముకలను సరిచేసి కట్టు కట్టే ఈ సంప్రదాయ వైద్యం కోసం పొరుగు రాష్ట్రాల నుండి కూడా రోగులు వస్తారు. ఈ వైద్యాన్ని గురించి ఆంగ్లంలో ఒక వాక్యం రాయవలసి వస్తే మొదట తడబడేది ‘కట్టు’ దగ్గరే. ‘బోన్’ తెలిసిన మాటే, ‘టై’ తెలిసిన మాటే. కాని ఆంగ్లంలో ఎముకను ‘టై’ చేయరు, ‘సెట్’ చేస్తారు. ‘సెట్’ అనే మాట కూడా మనకు కొత్తది కాదు. తెలియనిదల్లా ఆ రెండు మాటల పొత్తు.

ఇలాంటి పొత్తును ఆంగ్ల భాషాశాస్త్రంలో కొలొకేషన్ అంటారు. ఈ వ్యాసంలో దానిని ‘పద సాహచర్యం’ అని వ్యవహరిస్తున్నాం. తెలుగు మాధ్యమంలో చదివి పరిశోధన స్థాయికి చేరిన వారి ఆంగ్ల రచనలో వ్యాకరణం సరిగా ఉన్నా, పదాలు పెద్దవే అయినా, వాక్యం ఎందుకు అతకనట్టు కనిపిస్తుందో ఈ భావన చాలావరకు విశదం చేస్తుంది.

2. పద సాహచర్యం: భావన, చరిత్ర

పద సాహచర్యం తెలుగువారికి కొత్త విషయం కాదు. ఏనుగు ఘీంకరిస్తుంది, గుర్రం సకిలిస్తుంది, పులి గాండ్రిస్తుంది. ‘పెళ్లి’, ‘వివాహం’ ఒకే అర్థాన్ని ఇచ్చినా ‘పెళ్లిచూపులు’ అంటాం గాని ‘వివాహ చూపులు’ అనం. ‘వివాహ వ్యవస్థ’ అని రాస్తాం గాని ‘పెళ్లి వ్యవస్థ’ అని రాయం. ఈ ఎంపికలను ఎవరూ సూత్రంగా నేర్పలేదు. వినికిడి వలన, పఠనం వలన అబ్బాయి.

వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అవసరమని భారతీయ శాస్త్రకారులు చెప్పారు. ‘నిప్పుతో తడుపుతున్నాడు’ అనే వాక్యానికి యోగ్యత లేదు, ఎందుకంటే తడిపే శక్తి నిప్పుకు లేదు. ‘పెద్ద వాన’ అన్న మాటకు మాత్రం ఏ భాషలోనైనా యోగ్యత ఉంది. అయినా ఆంగ్లంలో ‘బిగ్ రెయిన్’ అనరు, ‘హెవీ రెయిన్’ అంటారు. ఇక్కడ పనిచేసేది రూఢి. రూఢి అన్న మాటను మనవారు ప్రధానంగా ఒక్కొక్క పదం అర్థానికి అన్వయించారు. దానిని రెండు పదాల పొత్తుకు విస్తరిస్తే పద సాహచర్య స్వభావం స్పష్టమవుతుంది. యోగ్యతను తర్కంతో ఊహించవచ్చు, రూఢిని ఊహించలేం. దానిని వాడుక నుండి గ్రహించవలసిందే.

ఆంగ్ల బోధనలో ఈ సంగతిని తొలిదశలోనే గుర్తించినవారిలో హెరాల్డ్ పామర్ ఒకరు. జపానులో ఆంగ్ల బోధనపై పనిచేస్తూ 1933లో ఆంగ్ల కొలొకేషన్ల మీద ఒక నివేదికను వెలువరించారు. కొలొకేషన్‌ను అర్థ సిద్ధాంతంలో భాగం చేసినవారు జె.ఆర్. ఫర్త్. 1920ల్లో లాహోరులో ఆచార్యులుగా పనిచేసిన ఆయన, 1937లో మళ్లీ భారతదేశానికి వచ్చి గుజరాతీ, తెలుగు భాషలను అధ్యయనం చేశారు. ఆయన మార్గాన్ని విస్తరించిన ఎం.ఎ.కె. హాలిడే చైనీస్ భాషా విద్యార్థి. టీకి ‘స్ట్రాంగ్’ నప్పుతుంది గాని ‘పవర్‌ఫుల్’ నప్పదని హాలిడే 1966లో చూపిన ఉదాహరణ నేటికీ పాఠ్యగ్రంథాలలో కనిపిస్తుంది.

3. ఒక తెలుగు మాట, అనేక ఆంగ్ల సహచరులు

‘కట్టు’ క్రియనే మళ్లీ పరిశీలిద్దాం.

- ఇల్లు కట్టు – ‘బిల్డ్ ఎ హౌస్’
- పరీక్ష రుసుము కట్టు – ‘పే ద ఫీ’
- గాయానికి కట్టు కట్టు – ‘డ్రెస్ ఎ ఊండ్’
- చీర కట్టు – ‘వేర్ ఎ శారీ’
- పాటకు బాణీ కట్టు – ‘కంపోజ్ ఎ ట్యూన్’
- జట్టు కట్టు – ‘ఫార్మ్ ఎ టీమ్’

తెలుగులో ఒకే క్రియ ఆరు నామవాచకాలతో హాయిగా కుదిరింది. ఆంగ్లంలో ప్రతి నామవాచకమూ తన క్రియను తాను ఎంచుకున్నది. విశేషణాలలో ‘గట్టి’ కూడా ఇలాంటిదే. గట్టి పెరుగు ‘థిక్’, గట్టి నేల ‘హార్డ్’, గట్టి నమ్మకం ‘ఫర్మ్’, గట్టి పోటీ ‘స్టిఫ్’, గట్టి భద్రత ‘టైట్’, గట్టి వాదన ‘స్ట్రాంగ్’. ఇక గట్టి గొంతు ‘లౌడ్’.

ఈ జాబితాలలోని ఆంగ్ల పదాలన్నీ పాఠశాల స్థాయివే. కాబట్టి ఉన్నత స్థాయి పదసంపద అంటే అరుదైన మాటల పట్టిక అనే భావన సగమే నిజం. తెలిసిన మాటకు ఎందరు సహచరులున్నారో తెలుసుకోవడం మిగిలిన సగం.

4. పుత్తూరు ప్రాంత ద్విభాషా నేపథ్యం

2022 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో చిత్తూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాలోకి వచ్చిన పుత్తూరు ప్రాంతంలో తెలుగుతోపాటు తమిళం కూడా వినిపిస్తుంది. రెండు భాషలు వచ్చిన అభ్యాసకునికి రెండు రకాల ఆధారాలు దొరకాలి. కాని పద సాహచర్యాల విషయంలో చాలాచోట్ల ఈ రెండూ ఒకే వైపు లాగుతాయి. తమిళంలోనూ ‘కట్టు’ ఉంది. అక్కడా ఇంటిని కడతారు, డబ్బును కడతారు, తాళిని కడతారు, చీరను కడతారు. తెలుగువారు మాత్రను ‘వేసుకుంటారు’, తమిళులు కూడా వాడుకలో ‘వేస్తారు’. ఆంగ్లంలో మాత్రను ‘టేక్’ చేస్తారు.

ఇంటి భాష, వీధి భాష రెండూ ఒకే కూర్పును బలపరచినప్పుడు అది భాషా విశేషంగా గాక లోక స్వభావంగా తోస్తుంది. ఈ పొత్తు సహజమే కదా అన్న నమ్మకం అలా స్థిరపడుతుంది. దానిని సందేహించే అవకాశమే రాదు గనుక అభ్యాసకుడు నిఘంటువును తెరవడు. పద సాహచర్య దోషం అక్షరదోషం కంటే మొండిగా నిలవడానికి ఇదొక ముఖ్య కారణం.

5. చైనీయ అభ్యాసకుల అనుభవంతో పోలిక

ఇది తెలుగువారికే పరిమితమైన చిక్కు కాదు. ద్రావిడ కుటుంబంతో ఏ చుట్టరికమూ లేని చైనీస్ భాషలోనూ భారీ వర్షం ‘పెద్ద వాన’యే, స్ట్రాంగ్ టీ మనకు లాగే ‘చిక్కటి టీ’యే. అందువలన ‘బిగ్ రెయిన్’, ‘థిక్ టీ’ అనే ప్రయోగాలకు ఇరువురూ లోనవుతారు. మరికొన్ని చోట్ల దారులు వేరు. చైనీయులు దీపాన్ని ‘తెరుస్తారు’, మనం లైటు ‘వేస్తాం’, ఆంగ్లంలో ‘టర్న్ ఆన్’ చేస్తారు. చైనీస్‌లో జ్ఞానాన్ని ‘నేర్చుకుంటారు’ గనుక అక్కడి విద్యార్థి ‘లెర్న్ నాలెడ్జ్’ అని రాస్తాడు. తెలుగులో జ్ఞానాన్ని ‘సంపాదిస్తాం’ గనుక మన విద్యార్థి ‘ఎర్న్ నాలెడ్జ్’ అని రాస్తాడు. ఆంగ్లం కోరేది ‘ఎక్వైర్’ లేదా ‘గెయిన్’.

చైనా పరిశోధకులు ఈ దోషాలను వ్యవస్థీకృతంగా సేకరించారు. గ్వీ షీచున్, యాంగ్ హుయీజోంగ్‌ల ఆధ్వర్యంలో సుమారు 10 లక్షల పదాల చైనీయ అభ్యాసకుల ఆంగ్ల కార్పస్ రూపొంది 2003లో వెలువడింది. అందులో పద సాహచర్య దోషాలకు ప్రత్యేక సంకేతాలు కేటాయించారు. నాన్ జియాంగ్ 2002లో ప్రచురించిన ప్రయోగాత్మక అధ్యయనం మరో కోణాన్ని చూపింది. రెండు ఆంగ్ల పదాలకు చైనీస్‌లో ఒకే అనువాదం ఉంటే, చైనీయ అభ్యాసకులు ఆ రెంటినీ సంబంధం గల పదాలుగా మరింత వేగంగా గుర్తించారు. ఆంగ్లంలో ఎంతో ముందుకు సాగిన తరువాత కూడా ఆంగ్ల పదం వెనుక మాతృభాషా పదం నిలిచే ఉంటుందన్నమాట. జపానీయులపై యమషిత, జియాంగ్ 2010లో జరిపిన అధ్యయనంలో మాతృభాషతో కుదరని కూర్పుల దగ్గర దోషాలు ఎక్కువగా కనిపించాయి.

6. పరిశోధన రచనలో పర్యవసానాలు

సాధారణ సంభాషణలో ‘బిగ్ రెయిన్’ అన్నా ఎదుటివారికి అర్థమవుతుంది. పరిశోధన రచనలో నష్టం అంత తేలికగా తీరదు. ‘సమర్పించు’ క్రియ ఇందుకు మంచి ఉదాహరణ. తెలుగులో సిద్ధాంత గ్రంథాన్ని సమర్పిస్తాం, సదస్సులో పత్రాన్ని సమర్పిస్తాం, రాజీనామాను, నివాళిని, నైవేద్యాన్ని సమర్పిస్తాం. ఆంగ్లంలో సిద్ధాంత గ్రంథాన్ని ‘సబ్మిట్’, పత్రాన్ని ‘ప్రెజెంట్’, రాజీనామాను ‘టెండర్’, నైవేద్యాన్ని ‘ఆఫర్’ చేస్తారు; నివాళికి ‘పే’ వాడతారు. ఒక పరిశోధకుడు తన వివరపట్టికలో సదస్సు పత్రాలకు ‘సబ్మిటెడ్’ అని రాస్తే, చదివేవారు అతడు పత్రాన్ని పంపాడని మాత్రమే గ్రహిస్తారు. అది ఆమోదం పొందిందనీ, వేదికపై చదివాడనీ ఆ మాట చెప్పదు. చేసిన పని ఒక్క క్రియ వలన చేయనట్టుగా నమోదవుతుంది.

‘నిరూపించు’ వలన నష్టం ఎదురు దిశలో జరుగుతుంది. తెలుగు వ్యాసాలలో ‘ఈ అధ్యయనం నిరూపిస్తున్నది’ అనడం పరిపాటి. దానిని ‘ప్రూవ్’ అని అనువదిస్తే, కొద్దిమంది సమాచారదాతలపై ఆధారపడిన పరిశీలనకు గణిత సిద్ధాంతపు నిశ్చయత్వం అంటగట్టినట్టవుతుంది. ఆంగ్ల పరిశోధన రచనలో ఫలితాలు సాధారణంగా ‘సజెస్ట్’ చేస్తాయి, ‘ఇండికేట్’ చేస్తాయి. బలమైన ఆధారం ఉంటే ‘డెమాన్‌స్ట్రేట్’ చేస్తాయి. ఈ క్రియల మధ్య ఉన్నది శైలీభేదం కాదు, ఆధారబలంలోని తారతమ్యం.

రాయలసీమ సాహిత్య పరిశోధకునికి ‘తీవ్ర’ విశేషణం తరచు అవసరమవుతుంది. తీవ్రమైన కరవు ‘సివియర్’, తీవ్రమైన చర్చ ‘హీటెడ్’, తీవ్రమైన ప్రభావం ‘ప్రొఫౌండ్’, తీవ్రమైన అభ్యంతరం ‘స్ట్రాంగ్’. అన్నింటికీ ‘సీరియస్’ వాడితే కరవూ చర్చా ఒకే రంగులో కనిపిస్తాయి.

7. దోషమా, భేదమా?

ప్రతి భేదాన్నీ దోషంగా లెక్కించడం భావ్యం కాదు. బ్రజ్ కచ్రూ 1965 నాటికే భారతీయ ఆంగ్లానికి సొంత సాహచర్యాలున్నాయనీ, అవి ఇక్కడి సంస్కృతి నుండి పుట్టాయనీ వివరించారు. ‘పరీక్ష రాయు’ నుండి వచ్చిన ‘రైట్ ఎన్ ఎగ్జామ్’ మన దేశంలో అందరికీ అర్థమయ్యే ప్రయోగం. ‘నిర్ణయం తీసుకొను’కు సరిపోయే ‘టేక్ ఎ డెసిషన్’ బ్రిటిష్ ఆంగ్లంలోనూ ఉంది.

కాబట్టి అధ్యాపకులకు ఒక సరళమైన గీటురాయి కావాలి. ఆ కూర్పు వలన అర్థం మారుతున్నదా? పాఠకుడు వేరే సంగతిని గ్రహించే ప్రమాదం ఉన్నదా? ఉంటే సవరించాలి. లేకుంటే అది భారతీయ ప్రయోగమని తెలియజెప్పి, అంతర్జాతీయ పత్రికకు రాసేటప్పుడు వేరొకటి వాడమని సూచిస్తే చాలు. ‘రైట్ ఎన్ ఎగ్జామ్’నూ ‘సబ్మిటెడ్ ఎ పేపర్’నూ ఒకే ఎర్రగీతతో కొట్టివేస్తే విద్యార్థికి ఏది ముఖ్యమో తెలియకుండా పోతుంది.

8. అభ్యాస మార్గాలు

అ) కూర్పునే ఏకకంగా నమోదు చేయడం: విడి పదాన్ని గాక నామవాచకాన్ని దాని క్రియతో, విశేషణంతో కలిపి రాసుకోవాలి. రాసేవాడికి ముందుగా తోచేది నామవాచకమే. వెదకవలసింది దాని సహచరులను. 1986లో వెలువడిన బి.బి.ఐ. నిఘంటువు, 2002లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ కొలొకేషన్ల నిఘంటువు ఈ వెదుకులాటకే ఉపకరిస్తాయి. సి.పి. బ్రౌన్ 1852 నాటి తెలుగు–ఆంగ్ల నిఘంటువు కూడా పదార్థంతో ఆగక ప్రయోగాలను చూపింది. సమానార్థకాలను మాత్రమే ఇచ్చే చిన్న నిఘంటువులు ఈ పనికి చాలవు.

ఆ) కుదిరేవాటిని, కుదరనివాటిని వేరు చేయడం: ‘పునాది వేయు’కు ‘లే ఎ ఫౌండేషన్’, ‘ప్రశ్న లేవనెత్తు’కు ‘రైజ్ ఎ క్వశ్చన్’ దాదాపు మాటకు మాట సరిపోతాయి. వీటికి శ్రమ అక్కరలేదు. శ్రద్ధ అంతా ‘జ్ఞానం సంపాదించు’, ‘పత్రం సమర్పించు’ వంటి కుదరని కూర్పుల మీద పెట్టాలి. పుత్తూరు వంటి ప్రాంతాలలో తమిళ సమానార్థకాన్ని కూడా పక్కన రాసుకుంటే, రెండు భాషలూ కలిసి ఎక్కడ లాగుతున్నాయో కంటికి కనిపిస్తుంది.

ఇ) పదజాబితాలకు సహచరులను చేర్చడం: ఆవ్రిల్ కాక్స్‌హెడ్ 2000లో రూపొందించిన విద్యావిషయక పదజాబితాలో 570 పదకుటుంబాలున్నాయి. జాబితా పదాన్ని ఇస్తుంది గాని దాని పొత్తును ఇవ్వదు. పరిశోధకుడు తన రంగానికి చెందిన మంచి వ్యాసాలను చదువుతూ, ఒక్కొక్క పదం పక్కన అక్కడ కనిపించిన సహచరులను చేర్చుకుంటూ పోతే ఆ జాబితా ఉపయోగంలోకి వస్తుంది.

ఈ) కార్పస్‌లో సరిచూడడం: 10 కోట్ల పదాల బ్రిటిష్ నేషనల్ కార్పస్ వంటి భాండాగారాలను అంతర్జాలంలో వెదకవచ్చు. ‘ఎర్న్’, ‘ఎక్వైర్’ రెంటినీ ‘నాలెడ్జ్’తో వెదికి ఫలితాలను పోల్చి చూసిన విద్యార్థికి అధ్యాపకుని దిద్దుబాటు ఆజ్ఞగా తోచదు, సాక్ష్యం తన కళ్ల ముందే ఉంటుంది.

9. ముగింపు

తెలుగు మాధ్యమం నుండి వచ్చిన పరిశోధకుని ఆంగ్లాన్ని చూసి అతని ఆలోచనను తక్కువగా అంచనా వేయడం విద్యాలోకంలో తరచు జరుగుతున్నది. ఆ దోషాలలో చాలావాటికి మూలం అజ్ఞానం కాదు. అది తన భాషలో నిర్దుష్టంగా కుదిరిన పొత్తును నమ్ముకోవడం. ‘కట్టు’ను ఆరు నామవాచకాలతో తడుముకోకుండా వాడగలిగిన వానికి సాహచర్య జ్ఞానం లేదని అనలేం. ఆ జ్ఞానం ఒక భాషకు చెందినది, మరొక భాషకు దానిని కొత్తగా కూడబెట్టుకోవాలి. అందువలన ఆంగ్ల పాఠంలో తెలుగు ప్రయోగాలను దూరంగా పెట్టడం కంటే, వాటిని బల్లమీద రాసి ఆంగ్ల ప్రయోగాల పక్కన నిలపడం మేలు. తెలుగు, ఆంగ్ల శాఖల అధ్యాపకులు కలిసి తమ విద్యార్థుల రచనల నుండి ఇటువంటి కూర్పులను సేకరిస్తే, చైనీయ అభ్యాసకుల కార్పస్ వలె తెలుగు అభ్యాసకులకూ ఒక ఆధారం ఏర్పడుతుంది. దక్షిణ రాయలసీమ ద్విభాషా ప్రాంతం ఆ పనికి తగిన క్షేత్రం.