వానలో చూడవలసిన సీమ – ఫియార్డ్‌లాండ్

విహారయాత్రకు బయలుదేరేవారు మొదట విచారించేది వాతావరణాన్ని గురించి. దారి ఖర్చు, బస, భోజనం మొదలైనవన్నీ ఆ తరువాతి మాటలు. కొండలు చూడబోయేవానికి మబ్బు విరోధి. పడవ ఎక్కబోయేవానికి వాన విరోధి. వాన వెలిసేదాకా ప్రయాణం వాయిదా వేయడమే వివేకమని లోకం నమ్ముతుంది. చాలాచోట్ల ఈ నమ్మకం సరియైనదే. అయితే ఈ నియమం చెల్లని సీమ ఒకటి న్యూజీలాండు దేశంలో ఉన్నది. అక్కడికి పోయి వాన చూడకుండా తిరిగివచ్చిన యాత్రికుడు సగమే చూసి వచ్చినట్లు లెక్క. ఆ సీమ పేరు ఫియార్డ్‌లాండ్.

న్యూజీలాండులోని దక్షిణ ద్వీపానికి నైరుతి మూలన, టాస్మన్ సముద్రపు ఒడ్డున, 12 వేల చదరపు కిలోమీటర్లకు మించిన వైశాల్యంలో ఈ అరణ్య పర్వత ప్రాంతం వ్యాపించి ఉన్నది. 1952లో దీనిని జాతీయ వనంగా ప్రకటించారు. 1990లో పరిసర ప్రాంతాలతో కలిపి యునెస్కో దీనికి ప్రపంచ వారసత్వ స్థానం కల్పించింది. ఇక్కడి సముద్రపు పాయలన్నిటిలోను ప్రసిద్ధి చెందినది మిల్‌ఫోర్డ్ సౌండ్. ఆ దేశపు ఆదివాసులైన మావోరీలు దీనిని పియోపియోటాహి అని పిలుస్తారు. ‘పియోపియో’ అనేది నేడు అంతరించిపోయిన ఒక పక్షి పేరు. ‘ఒంటరి పియోపియో’ అని ఆ పదానికి అర్థం.

ఫియార్డు ఎట్లా ఏర్పడింది?

సముద్రం భూభాగంలోనికి సన్నగా, లోతుగా చొచ్చుకొనివచ్చి, రెండు వైపులా నిట్టనిలువు కొండలు గోడలవలె నిలిచిన పాయను ఫియార్డు అంటారు. ఇది నార్వే దేశపు భాషనుండి వచ్చిన మాట.

నది కొండను కోసే తీరు మనకు తెలిసినదే. పాపికొండల నడుమ గోదావరిపై పడవలో ప్రయాణించినవారు దానిని కళ్లారా చూసి ఉంటారు. నది తన పడకను మాత్రమే కోస్తుంది. అందువలన నదీలోయ అడుగున ఇరుకుగా, పైకి పోయేకొద్దీ విశాలంగా ఉంటుంది. హిమానీనదం పని వేరు. వందల మీటర్ల మందం గల మంచు తన బరువుతో లోయ మొత్తాన్ని నింపి, అడుగున చిక్కిన రాళ్లతో అడుగునూ, పక్కలనూ ఏకకాలంలో ఒరుసుకుంటూ జరుగుతుంది. అది వదలిపోయిన లోయ తొట్టివలె ఉంటుంది. గడచిన హిమయుగాలలో ఫియార్డ్‌లాండ్ పర్వతాలను మంచు ఈ విధంగానే తొలిచింది. హిమయుగం ముగిసి మంచు కరిగినప్పుడు సముద్రమట్టం పెరిగి, ఆ తొట్లలోనికి ఉప్పునీరు ప్రవేశించింది.

మిల్‌ఫోర్డ్ సౌండ్ పొడవు సుమారు 15 కిలోమీటర్లు. లోపలి భాగంలో లోతు దాదాపు 290 మీటర్లు. సముద్రంలో కలిసేచోట మాత్రం, హిమానీనదం బలం తగ్గినందున, అడుగు గడపవలె ఎత్తుగా ఉన్నది. నీటి అంచునుండి నేరుగా పైకి లేచిన మైటర్ శిఖరం ఎత్తు 1,680 మీటర్లకు పైమాటే. నదీముఖం మునిగి ఏర్పడిన పాయకు ఆంగ్లంలో ‘సౌండ్’ అని పేరు. హిమానీనదం తొలిచిన దీనికి ఆ పేరు శాస్త్రరీత్యా తగదు. కాని పూర్వపు నావికులు పెట్టిన పేరు అట్లే స్థిరపడిపోయింది.

ఆ మంచు ఎక్కడినుండి వచ్చింది? అదీ వానయే. చల్లని యుగంలో ఆకాశం నుండి మంచుగా దిగిన నీరు అప్పుడు కొండను చెక్కింది. వెచ్చని యుగంలో నీరుగానే దిగి ఆ కొండను నేడు అలంకరిస్తున్నది.

ఇంత వాన ఎందుకు?

మన రెండు తెలుగు రాష్ట్రాలలో ఏడాది మొత్తానికి కురిసే సగటు వాన 900 మిల్లీమీటర్ల పైచిలుకు. మిల్‌ఫోర్డ్ సౌండ్‌లో అది 6,000 మిల్లీమీటర్లను మించుతుంది. ఏడాదిలో ఇంచుమించు సగం దినాలు వానదినాలే. ఒక్క రోజులో 250 మిల్లీమీటర్లు కురవడం అక్కడివారికి వింత కాదు.

దక్షిణార్ధగోళంలో నలభయ్యవ అక్షాంశం దాటిన తరువాత పడమటి గాలులకు అడ్డు నిలిచే భూభాగం చాలా తక్కువ. విశాల సముద్రం మీదుగా తేమను మోసుకొనివచ్చిన ఆ గాలులు మొట్టమొదట ఢీకొనే గోడ ఈ పర్వతశ్రేణి. గాలి పైకెక్కుతుంది, చల్లబడుతుంది, మోసిన తేమనంతా పడమటి వాలుపై కుమ్మరిస్తుంది. మన పశ్చిమ కనుమలు నైరుతి ఋతుపవనాలను అడ్డగించి కొంకణ తీరాన్ని తడిపేదీ, దక్కను పీఠభూమిని వర్షచ్ఛాయలో ఉంచేదీ ఈ న్యాయం ప్రకారమే. న్యూజీలాండులోనూ కొండలకు ఆవలి వైపున అట్టి పొడినేల ఉన్నది. తూర్పున లోతట్టులో ఉన్న అలెగ్జాండ్రా పట్టణంలో ఏడాది వాన సుమారు 350 మిల్లీమీటర్లు మాత్రమే. ఒకే ద్వీపంలో, కొద్ది గంటల ప్రయాణ దూరంలో, ఇంతటి వ్యత్యాసం!

వాన కురిసే వేళ

వాన లేని దినాలలో మిల్‌ఫోర్డ్ సౌండ్‌లో నిలకడగా కనిపించే పెద్ద జలపాతాలు రెండు: సుమారు 160 మీటర్ల ఎత్తునుండి దూకే బోవెన్, సుమారు 150 మీటర్ల ఎత్తునుండి దూకే స్టిర్లింగ్. ప్రధాన హిమానీనదం తన లోయను లోతుగా తొలిచింది. దానిలో కలిసిన ఉపహిమానీనదాలు అంత లోతు తొలవలేకపోయాయి. అందువలన ఆ చిన్న లోయలు గోడ మధ్యలో వ్రేలాడుతున్నట్లు నిలిచిపోయాయి. ఈ రెండు జలపాతాలూ అట్టి వ్రేలాడు లోయల నుండి దూకేవే.

గట్టి వాన మొదలైన కొంతసేపటికే దృశ్యం మారిపోతుంది. నల్లని రాతిగోడలపై వందలాది తెల్లని ధారలు ప్రత్యక్షమవుతాయి. ఈ గోడలు గట్టి రాయి. పైన మట్టి పొర అతి పలుచన. నీటిని పీల్చుకొని దాచుకొనే శక్తి వాటికి లేదు. పడిన నీరు పడినట్లే దూకుతుంది. గాలి బలంగా వీచినప్పుడు సన్నని ధారలు క్రిందికి చేరకముందే తుంపరగా చెదిరిపోతాయి. ఒక్కొక్కసారి గాలి వాటిని వెనుకకు, పైకి ఎగురవేస్తుంది. వాన వెలిసిన కొన్ని గంటలలో ఈ ధారలలో చాలా భాగం మాయమవుతాయి. వాటికి పేర్లు లేవు, పటాలలో చోటు లేదు. వానలో పడవ ఎక్కినవానికే వాటి దర్శనం.

నీటి అడుగున మరొక లోకం

వాన చేసే చిత్రమైన పని కంటికి కనబడనిది. కొండలపై కురిసిన నీరు అడవి నేలలోని కుళ్లిన ఆకులగుండా ప్రవహించి, వాటిలోని టానిన్ అనే పదార్థాన్ని కరిగించుకొని, తేనీటి రంగుతో ఫియార్డులో దిగుతుంది. మంచినీరు ఉప్పునీటికంటే తేలిక కాబట్టి కొన్ని మీటర్ల మందాన పైపొరగా నిలుస్తుంది. ఈ రంగునీరు సూర్యకాంతిని చాలావరకు అడ్డగిస్తుంది. దాని క్రింద ఉన్న జీవులకు పగలే మునిమాపు. సాధారణంగా సముద్రపు లోతులలోని చీకటిలో పెరిగే నల్ల పగడం ఇక్కడ పది మీటర్ల లోతులోనే కనిపించడానికి కారణం ఇదే. దాని అస్థిపంజరం నల్లనిది; బ్రతికి ఉన్నప్పుడు పైకి మాత్రం తెల్లగా కనిపిస్తుంది. ఈ జీవుల రక్షణకై 1993లో మిల్‌ఫోర్డ్ ఉత్తర భాగాన్ని సముద్ర జీవుల అభయస్థానంగా ప్రకటించారు. వాన లేనిచో ఆ తేనీటి తెర లేదు. ఆ తెర లేనిచో ఈ పగడపు తోట లేదు.

వాన ఆగ్రహం

అందాన్ని మాత్రమే వర్ణించి ఊరుకుంటే విషయం సగమే చెప్పినట్లవుతుంది. ఈ నిలువు గోడలపై అడవి ఎట్లా నిలిచి ఉన్నదో చూడండి. మొదట రాతిపై రాతిపువ్వు, నాచు పట్టుకుంటాయి. వాటిలో తేమ నిలిచి, చెట్లకు ఆధారం కలుగుతుంది. వేళ్లు దిగడానికి మట్టి లేనందున ఒక చెట్టు వేళ్లు పక్కచెట్టు వేళ్లతో పెనవేసుకుంటాయి. చెయ్యి చెయ్యి పట్టుకొని నిలబడినట్లు అడవి నిలుస్తుంది. గట్టి వానకు పై భాగంలో ఒక చెట్టు పట్టు తప్పితే అది తనతో క్రిందివాటినన్నిటినీ లాగుకొనిపోతుంది. దీనిని వృక్షపాతం అనవచ్చు. గోడపై మిగిలిన బోడిరాతి చారపై మళ్లీ నాచుతోనే కథ మొదలు కావాలి. అడవి తిరిగి నిండడానికి తరాలు పడుతుంది.

మిల్‌ఫోర్డ్‌కు రహదారి ఒకటే. టె అనావు పట్టణం నుండి సుమారు 120 కిలోమీటర్లు. దారిలో కొండను తొలిచిన హోమర్ సొరంగం పని 1935లో ప్రారంభమై, 1954లో గాని వాహనాలకు తెరవబడలేదు. పని జరుగుతున్న కాలంలో మంచుచరియలు విరిగిపడి కూలీలు ప్రాణాలు కోల్పోయారు. 1983లో ఒక రహదారి ఉద్యోగి అట్లే మరణించిన తరువాత మంచుచరియలను ముందుగా పసిగట్టి, ప్రమాదం ఉన్నప్పుడు దారిని మూసివేసే ఏర్పాటు చేశారు.

2020 ఫిబ్రవరి మొదటి వారంలో రెండున్నర రోజులలో ఇక్కడ ఒక మీటరుకు మించిన వాన కురిసింది. మన ప్రాంతంలో ఏడాది పొడవునా పడే వానకంటె ఎక్కువ! రహదారి అనేకచోట్ల కొట్టుకుపోయింది. చిక్కుకున్న యాత్రికులను హెలికాప్టర్లలో తరలించారు. లేక్ హౌడెన్ అనే విడిదిపై కొండచరియ పడినా, లోపల ఉన్న నడకయాత్రికులు ప్రాణాలతో బయటపడ్డారు. వానను ప్రేమించడం వేరు, వానను లెక్కచేయకపోవడం వేరు అని ఆ సంఘటన చాటింది.

వాన సంపద – ఒక జాతి నిర్ణయం

ఇంత నీరు, ఇంత ఎత్తునుండి దూకుతుంటే, దానినుండి విద్యుత్తు తీయాలన్న ఆలోచన కలగడం సహజం. ఫియార్డ్‌లాండ్‌లోని మనపౌరి సరస్సు నీటిని భూగర్భంలోని విద్యుత్కేంద్రం గుండా పంపి, సుమారు పది కిలోమీటర్ల సొరంగం ద్వారా డౌట్‌ఫుల్ సౌండ్ అనే ఫియార్డులోనికి వదిలే పథకం 1969లో విద్యుదుత్పత్తి ప్రారంభించింది. దూరాన తీరంలోని అల్యూమినియం కర్మాగారానికి ఆ విద్యుత్తు ప్రధాన ఆధారం.

విద్యుత్తు మరింతగా రావడానికి సరస్సు మట్టాన్ని 30 మీటర్ల వరకు పెంచాలన్నది ఆనాటి సంకల్పం. అట్లా చేస్తే ఒడ్డున ఉన్న అడవి, దీవులు మునిగిపోతాయి. దేశంలో పెద్ద ఆందోళన చెలరేగింది. 1970లో పార్లమెంటుకు సమర్పించిన మహజరుపై 2,64,907 మంది సంతకాలు చేశారు. అప్పటి ఆ దేశ జనాభాలో అది పదవ వంతుకు సమీపం. 1972 ఎన్నికలలో ఇది ముఖ్య సమస్య అయింది. సరస్సును పెంచబోమన్న పక్షం అధికారానికి వచ్చి మాట నిలుపుకున్నది. సరస్సు మట్టాన్ని పర్యవేక్షించడానికి 1973లో పౌరులతో ఒక సంరక్షక సంఘం ఏర్పడింది. విద్యుత్కేంద్రం నేటికీ పనిచేస్తున్నది. సరస్సు దాని సహజమైన హద్దులలోనే ఉన్నది.

అయినా మూల్యం చెల్లించక తప్పలేదు. విద్యుత్కేంద్రం వదిలే మంచినీటి వలన డౌట్‌ఫుల్ సౌండ్‌లో పైపొర మందం పెరిగి, తీరపు రాళ్లను అంటి బ్రతికే జీవులకు హాని కలిగినదని శాస్త్రజ్ఞులు గుర్తించారు. పైన చెప్పిన నల్ల పగడానికి మేలు చేసే మంచినీరే మితిమీరితే ఇతర జీవులకు కీడు చేస్తుంది. ప్రకృతిలో ప్రతి వస్తువుకూ ఒక కొలత ఉన్నది.

యాత్రికునికి కొన్ని మాటలు

అక్కడి ఋతువులు మనకు తలక్రిందులు. డిసెంబరు, జనవరి నెలలు వేసవి. వాన ఎక్కువ కురిసేదీ అప్పుడే. జూన్ నుండి ఆగస్టు వరకు శీతకాలం. వాన కొంత తక్కువ, దారిలో మంచు ప్రమాదం ఎక్కువ. గొడుగు అక్కడి గాలికి నిలవదు. ఒళ్లంతా కప్పే వానకోటు కావాలి. సామాన్యమైన వానలో పడవలు ఆగవు. అయితే బయలుదేరే ముందు రహదారి స్థితి తెలుసుకోవడం, దారి మూసివేస్తే మారు మాటాడక ఆగిపోవడం విధి.

మరొక ఇబ్బంది ఈగలు. ‘సాండ్‌ఫ్లై’ అని పిలిచే ఈ చిన్న ఈగ మన దేశంలో కాలా అజార్ వ్యాధిని వ్యాపింపజేసే ఇసుక ఈగ కాదు, వేరొక జాతి. దాని కాటు దురద మాత్రం తక్కువది కాదు. దీనిని గురించి మావోరీలు ఒక కథ చెప్పుకుంటారు. టూ-టె-రకి-ఫానోవా అనే దివ్యపురుషుడు గొడ్డలితో ఈ ఫియార్డులన్నిటినీ చెక్కాడట. దక్షిణాన మొదలుపెట్టి, ఉత్తరాన మిల్‌ఫోర్డ్‌కు వచ్చేసరికి చేయి తిరిగిందట. ఆ అందాన్ని చూసిన మృత్యుదేవత హినె-నుయి-టె-పో, మనుషులు ఇక్కడే స్థిరపడి దీనిని పాడుచేస్తారేమోనని, వారిని నిలవనీయకుండా ఈ ఈగలను విడిచిపెట్టిందట. 2019లో ఎనిమిది లక్షలకు పైగా యాత్రికులు మిల్‌ఫోర్డ్‌కు వచ్చారు. ఆ దేవత భయం నిరాధారం కాదని ఆ సంఖ్యే చెబుతున్నది. గట్టి వానలో ఈ ఈగలు బయటికి రావు. వానలో వచ్చిన యాత్రికునికి ఇది అదనపు లాభం.

మన విద్యార్థులలో ఆ దూరదేశానికి పోగలవారు కొద్దిమందే కావచ్చు. అయినా ఆ సీమ మనకు నేర్పే పాఠానికి ప్రయాణపు ఖర్చు లేదు. ఒక ప్రదేశాన్ని చూడడమంటే దాని చిత్రపటంతో సరిపోల్చుకోవడం కాదు. అది అట్లా ఉండడానికి కారణమైన శక్తులను గుర్తించడం. మైటర్ శిఖరం మబ్బులో దాగిన రోజున దానిని చెక్కిన చేయి మన ఎదుట పనిచేస్తూ ఉంటుంది. ఆ పనిని చూడగలిగినవానికి వానదినం వ్యర్థదినం కాదు.