గుండెనొప్పి - నాలుక క్రింది మాత్ర

ఇంటిలో హృద్రోగి యున్నపుడు వైద్యుడు వ్రాసియిచ్చిన మాత్రలను భద్రపఱచు భారము తఱచుగ గృహిణిదే యగుచున్నది. ఆ మాత్ర నెప్పుడు వేయవలయునో, దానినే నమ్మి యెప్పుడు కూర్చుండరాదో యామె యెఱిగియుండుట మిక్కిలి యవసరము.

గుండెకు రక్తము నందించు నాళములు క్రొవ్వు పేరుకొని యిఱుకైనచో, మెట్లెక్కునపుడును, బరువు మోయునపుడును, కోపము వచ్చినపుడును దానికి చాలినంత ప్రాణవాయు వందదు. అపుడు రొమ్ము నడుమ బిగబట్టినట్లు నొప్పి పుట్టి చేతికి, మెడకు, దవడకు ప్రాకును. స్త్రీలలో నొక్కొకప్పుడు ఆయాసము, వికారము, వీపునొప్పి, నిస్సత్తువ యివియే ముఖ్యముగ కనబడును. దీనిని వైద్యులు అంజైనా యందురు. వాయువని తలచి సోడా త్రాగించి కాలము గడపుట ప్రమాదకరము.

ఈ నొప్పికి వాడు నైట్రేటు మందుల చరిత్ర వింతయైనది. 1847లో ఇటలీదేశపు సోబ్రెరో నైట్రోగ్లిజరినును కనుగొనెను. అది భయంకరమైన ప్రేలుడు పదార్థము. ఆల్ఫ్రెడ్ నోబెల్ డైనమైటును దానితోడనే చేసెను. 1879లో లండను వైద్యుడు విలియం మరెల్ దాని నత్యల్పముగ నిచ్చినచో గుండెనొప్పి తగ్గునని ప్రకటించెను. ఔషధముగ నిచ్చు మాత్రలో ప్రేలుడు భయ మేమియు లేదు. ఈ జాతి మందులు శరీరములో నైట్రిక్ ఆక్సైడను వాయువును పుట్టించి రక్తనాళములను సడలించును. గుండెకు శ్రమ తగ్గును. మన యంగళ్లలో సార్బిట్రేట్ అను పేర దొరకు మాత్రయు నీ జాతిదే.

నొప్పి వచ్చినతోడనే రోగి పని మాని కూర్చుండవలయును. ఈ మందు రక్తపుపోటును తగ్గించును గావున నిలుచుండి వేసికొన్నచో కన్నులు తిరిగి పడిపోవచ్చును. మాత్రను మ్రింగక నాలుక క్రింద నుంచి కరుగనీయవలయును. తలనొప్పి, మొగము వేడెక్కుట సామాన్యములు, వానికి వెఱవనక్కఱలేదు. ఇదే జాతిలో దినదినము మ్రింగు మాత్రలు వేఱుగ కలవు. అవి హఠాత్తుగ వచ్చిన నొప్పికి పనికిరావు. వానిని వైద్యుని యడుగక మానరాదు.

మాత్ర వేసినతోడనే గడియారము చూడుడు. అయిదు నిమిషములలో నొప్పి తగ్గకున్నను, హెచ్చినను, చెమటలు పట్టినను 108కి ఫోను చేయుడు. బండి వచ్చులోపల వైద్యుడు ముందు చెప్పియున్న మేరకు అయిదేసి నిమిషముల కొకటి వేయవచ్చును. మొత్తము మూడింటికి మించరాదు. మూడును వేసి చూచి పిదప పిలువవచ్చునని జాగు చేయరాదు. గుండెపోటులో గడచిన ప్రతి నిమిషమును గుండె కండరమునకు నష్టమే.

మఱియొక విషయము సిగ్గుచేత దాచరానిది. దాంపత్యసామర్థ్యమునకై పురుషులు వాడు సిల్డెనాఫిల్, టాడలాఫిల్ అను మందులతో నైట్రేటు కలిసినచో రక్తపుపోటు ప్రాణాపాయకరముగ పడిపోవును. మొదటిదానిని వాడిన 24 గంటలును, రెండవదానిని వాడిన 48 గంటలును ఈ మాత్ర వేయరాదు. వాడినచో వైద్యునికి, 108 బండి వారికి తప్పక చెప్పవలయును.

మాత్రలను వచ్చిన సీసాలోనో, అట్టలోనో యుంచుడు. వేఱు డబ్బాలో పోయకుడు. పొయ్యిచెంత, ఎండ తగులుచోట నుంచిన బలము తగ్గును. గడువు తేదీని నెలకొకసారి చూడుడు. ప్రక్కింటివారికి రొమ్మునొప్పి వచ్చినపుడు జాలిచేత మీ మాత్ర నీయకుడు. రక్తపుపోటు తక్కువగ నున్నవారి కది హాని చేయును. వారికి మీరు చేయదగిన యుపకారము 108కి ఫోను చేయుటయే.

మాత్ర యున్నచోటు, వైద్యుని ఫోను సంఖ్య, రోగి వాడు మందుల పేరులు ఒక కాగితముపై వ్రాసి యింటిలో నందఱకు కనబడునట్లు గోడకు అంటింపుడు. మీరు ఇంట లేని వేళ పిల్లలు సైతము చదివి చేయగలరు.