అడ్డతీగ ఏ లెక్కలోకి వస్తుంది? అడవి ప్రణాళికలపై అపోహలు, వాస్తవాలు

కొండ ఎందుకు బోడిబారిందని పాలకొండలోనో పార్వతీపురంలోనో ఎవరినైనా కదిపి చూడండి. "పోడు కొట్టేశారండీ" అంటారు. మరి అడవి ఎవరిదంటే, "ఫారెస్టోళ్లది" అంటారు. శ్రీకాకుళం, విజయనగరం ఏజెన్సీలో ఎక్కువ భాగం 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ, ఈ రెండు జవాబులూ మారలేదు. ఆ కొండల్లో తరాలుగా బతుకుతున్న సవరలు, జాతాపులు, గదబలు, కొండదొరలను అడిగినవాళ్లు తక్కువ. అడవిని ఎలా కాపాడాలో, ఏది ఎంత కోయాలో తేల్చే ప్రణాళికలోనూ నిన్నమొన్నటి దాకా వాళ్ల మాటకు చోటు లేదు. మైదానంలో మనం నమ్ముతున్న కొన్ని సంగతుల్ని ఒకసారి పరిశీలిద్దాం.

అపోహ: పోడు వల్లే అడవి పోయింది.

పోడుకు పాత్రే లేదని ఎవరూ అనరు. అయితే పాత పోడు పద్ధతి వేరు. ఒక చెక్కలో రెండు మూడు పంటలు తీసి, మళ్లీ చెట్టూ చేమా లేచేదాకా ఏళ్ల తరబడి దాన్ని వదిలేసేవారు. జనం పెరిగారు, రిజర్వు హద్దులు బిగిశాయి, వదిలేసే వ్యవధి కుదించుకుపోయింది. నేల కొట్టుకుపోవడం అక్కడ మొదలైంది. పైగా ఈ అడవులు కురుపాం, మేరంగి, సాలూరు, పాచిపెంట, పర్లాకిమిడి జమీందార్ల చేతుల్లో ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో సర్కారు చేతికొచ్చాయి. యజమాని మారినా, కలపను ఆదాయంగా చూసే చూపు మారలేదు. పోడు భూమి మీద, అడవి సరుకు మీద హక్కు అడగడం అక్కడ కొత్త కాదు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళ్తున్న గిరిజనులపై లేవిడి దగ్గర కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయేనాటికే అది గిరిజన సంఘం ఎజెండాలో ఉంది. ఇంకో మాట. సవరలకు పోడు తప్ప తెలియదనుకునేవారు సరిహద్దు దాటి ఒడిశాలోని గజపతి జిల్లాకు వెళ్లి, కొండవాలున రాళ్లు పేర్చి మెట్లుమెట్లుగా కట్టిన వరిమళ్లను చూడాలి.

అపోహ: శాస్త్రీయ ప్రణాళికలో ఊరివాళ్లు చెప్పేదేముంటుంది?

అడ్డాకు సంగతే తీసుకుందాం. అడ్డతీగ పెద్ద పెద్ద చెట్లను చుట్టుకుని పైకి పాకుతుంది. కలపనే లెక్కించే అటవీ శాస్త్రానికి అది చెట్టును నొక్కేసే పీడ. అందుకే తీగల నరికివేత అటవీ శాఖ రాసుకునే వర్కింగ్ ప్లాన్లలో ఎప్పటి నుంచో రాస్తూ వస్తున్న మామూలు పని. ఊళ్లో ఆడవాళ్ల లెక్క వేరు. ఆకు కోసుకొచ్చి, ఎండబెట్టి, సన్నటి పుల్లలతో విస్తళ్లు కుట్టి, కట్టలు కట్టి సంతకు పంపేది వాళ్లు. పొలం పనుల్లేని రోజుల్లో ఇంట్లోకి ఉప్పూ పప్పూ వచ్చేది దాంతోనే. ఆకు తుంచాలి గానీ తీగను లాగకూడదని వాళ్లకు తెలుసు. కొండచీపురును కోయాలి గానీ దుబ్బుతో పీకకూడదనీ తెలుసు, పీకితే మరుసటేడు చీపురుండదు. తీగను ఏ చెట్టు మీద ఉంచాలి, ఏ చెట్టు మీద తీసేయాలన్నది ప్రణాళిక రాసే రోజున ఆ ఆడవాళ్లు పక్కన కూర్చుంటేనే తేలుతుంది. చెట్ల చుట్టుకొలతల పట్టికలో అది కనిపించదు.

కొత్తల పండుగలూ అంతే. కందికొత్తలు కానిదే కొత్త కందులు ముట్టరు. మామిడికీ ఇలాంటి కట్టుబాటుంది. దీన్ని గొప్ప పర్యావరణ విజ్ఞానమని ఊదరగొట్టక్కర్లేదు. ఊరంతా ఒకే రోజున మొదలుపెడతారు కాబట్టి, కాయ ముదరకముందే పోటీలు పడి దులిపేసే పని తప్పుతుంది. పండు తిన్నాక టెంకనూ పారేయరు, వానాకాలంలో అంబలి కాచుకోవడానికి దాస్తారు. మామిడిచెట్టును నరికితే ఇంట్లో ఏం తగ్గుతుందో లెక్క వేసేవాళ్లు ఇవన్నీ చూడాలి.

అపోహ: గిరిజనులకు వదిలేస్తే అడవి దానంతటదే బాగుపడుతుంది.

ఇది జాలిపరుల అపోహ. అగరుబత్తీల తయారీకి నారమామిడి బెరడుకు గిరాకీ పెరిగాక, నిలువునా ఒలిచేయడంతో చెట్లే కరువయ్యాయి. తబ్సి జిగురు కోసం గొడ్డలితో లోతుగా గాట్లు పెడితే చెట్టు చచ్చిపోతుంది. తేలిగ్గా, తక్కువ లోతులో గాటు పెట్టడం శిక్షణతో నేర్చుకోవాల్సి వచ్చింది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ సరుకు కొంటుంది గానీ, ధర తగ్గినా కొనుగోలు ఆలస్యమైనా బాకీలున్నవాడు ఆగలేడు, దొరికినంతా కోసి దళారీకి ఇచ్చేస్తాడు. ఆశ, అవసరం, అప్పు కొండ మీదా ఉంటాయి. అందుకే ఊరికీ రాసుకున్న నియమం కావాలి.

అపోహ: వన సంరక్షణ సమితులు (వీఎస్‌ఎస్‌లు) ఉన్నాయిగా, ప్రజల ప్రమేయం ఎప్పుడో వచ్చేసింది.

అడవి కాపలాలో ఊళ్లను కలుపుకోవడానికి కేంద్రం 1990 జూన్‌లో దారి తెరిచింది. మన రాష్ట్రంలో 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్యం మొదలైంది. 2002 నుంచి ప్రపంచ బ్యాంకు సాయంతో సామాజిక అటవీ యాజమాన్యం నడిచింది. వీఎస్‌ఎస్‌లు చాలాచోట్ల మంటలు ఆర్పాయి, మోడుల నుంచి చిగుళ్లు లేపాయి. ఆ మంచిని కాదనలేం. కానీ వీఎస్‌ఎస్ సర్కారు ఉత్తర్వు మీద నిలబడింది, గ్రామసభ హక్కు పార్లమెంటు 2006లో చేసిన అటవీ హక్కుల చట్టం మీద నిలబడింది. తేడా ఇక్కడుంది. ఆ చట్టం వచ్చాక తొలి విడతలో ఆంధ్రప్రదేశ్‌లో సామూహిక పట్టాలు చాలావరకు వీఎస్‌ఎస్‌ల పేరిట రావడం వింతే. హక్కు గ్రామసభదని చట్టం చెబుతుంటే, పట్టా మాత్రం అటవీ శాఖ అల్లిన సంఘానికి వెళ్లింది.

అపోహ: అటవీ హక్కుల చట్టమంటే అడవిని ఎకరాల లెక్కన పంచడం.

వ్యక్తిగత పట్టాకు హద్దులున్నాయి. 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ సాగులో ఉండాలి, నాలుగు హెక్టార్లు మించకూడదు. అమ్ముకోవడానికి వీల్లేదు, భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలి. 2006 చట్టంలో అసలు బలమైన భాగం వేరే ఉంది. ఊరు సంప్రదాయంగా కాపాడుకుంటూ వచ్చిన అడవిని కాపాడే, తిరిగి పెంచే, నిర్వహించే హక్కును అది గ్రామసభకు ఇచ్చింది. 2012లో సవరించిన నియమాల ప్రకారం సంరక్షణ, నిర్వహణ ప్రణాళిక రాసేది గ్రామసభ వేసుకున్న కమిటీ. ఆ ప్రణాళికను అటవీ శాఖ వర్కింగ్ ప్లాన్‌తో కలపాలి, మార్పులేం కావాలో కూడా ఆ కమిటీయే చూడాలి. మన దగ్గర పట్టాల ఫొటోలే పత్రికల్లోకి ఎక్కుతాయి, ఈ నియమం ఎవరి కంటా పడదు.

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మెండా లేఖ గ్రామానికి 2009లో ఈ సామూహిక హక్కు దక్కింది. 2011లో వెదురు రవాణా పర్మిట్లు ఆ గ్రామసభే ఇవ్వడం మొదలుపెట్టింది. ఇక ఒడిశాలోని నియమగిరి పార్వతీపురానికి దూరమేం కాదు, రాయగడ దాటితే వస్తుంది. గ్రామసభల మాట వినాలన్న 2013 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అక్కడ పన్నెండు గ్రామసభలు కూర్చుని, పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి.

అపోహ: ఇదంతా ఏజెన్సీ వరకే.

కాదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో లేని మందస, మెళియాపుట్టి, పాతపట్నం గిరిజన గూడేలకూ ఈ చట్టం వర్తిస్తుంది. అసలు కాపాడే తత్వం గిరిజనులదే అనుకోవడమూ పొరపాటే. టెక్కలి దగ్గర తేలినీలాపురం వాసులు వలస వచ్చే కొంగల్ని తరాలుగా సొంత ఆడపడుచుల్లా చూసుకుంటున్నారు.

అపోహ: ఉపగ్రహ చిత్రంలో కనిపించకపోతే హక్కు లేనట్టే.

దరఖాస్తులు తిప్పి పంపడానికి ఎక్కువగా వాడే మాట ఇదే. 2012 నియమాలు ఇలాంటి చిత్రాలు మిగతా సాక్ష్యాలకు తోడుగా పనికొస్తాయి గానీ, వాటి స్థానంలో రావని స్పష్టంగా చెప్పాయి. రాతపూర్వకంగా నమోదు చేసిన ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. శ్మశానాలు, పూజాస్థలాలు, పాత బావులు కూడా సాక్ష్యమే. సామూహిక అడవికి నింపాల్సింది ఫారం-సి. గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతైనా ఆడవాళ్లుండాలి. అటవీ హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది సభ్యులు, వాళ్లలోనూ ఆడవాళ్లు మూడో వంతుకు తగ్గకూడదు. అడ్డాకు కోసేవాళ్లు ఆ కమిటీలో ఉన్నారో లేదో ముందుగా చూసుకోవాలి.