చదివినది ఒకటి, నేర్చునది మరొకటి: పట్టభద్రులకు కంపెనీలలో శిక్షణ

చరిత్ర, తెలుగు సాహిత్యము, వృక్షశాస్త్రము వంటి విషయములతో డిగ్రీ ముగించి ఇంటికి వచ్చిన యువతీయువకులు నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు గ్రామములలో నేడు ఎందరో ఉన్నారు. నల్లగొండలో 2007లో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము, మహబూబ్‌నగరులో 2008లో పాలమూరు విశ్వవిద్యాలయము ఏర్పడిన పిదప ఉన్నతవిద్య పల్లెలకు మరింత చేరువైనది. తట్ట, పార పట్టుకొని దూరప్రాంతపు ఆనకట్టల పనులకు తరలిపోయిన కూలీల బిడ్డలలో సైతము పట్టభద్రులైనవారు కలరు. కాని డిగ్రీ చేతికి వచ్చినంతమాత్రమున ఉద్యోగము రాదు. అందుచేత పలువురు ఏదేని కంపెనీలో కొంతకాలము శిక్షణ పొందుటకు ముందుకు వచ్చుచున్నారు. దీనినే ఇంటర్న్‌షిప్ అనియు, చట్టబద్ధమైన ఒప్పందముతో కూడినదానిని అప్రెంటిస్ శిక్షణ అనియు వ్యవహరింతురు.

"బి.ఏ. చదివిన పిల్ల మందుల కంపెనీలో ఏమి నేర్చుకొనును? ఇన్నేండ్ల చదువు వృథా కాదా?" అని తల్లిదండ్రులు సందేహించుట సహజము. దీనికి సమాధానము మీ పంచాయతీ కార్యాలయములోనే కలదు. 2018లో 9,355 మంది జూనియర్ పంచాయతీ కార్యదర్శుల నియామకమునకు ప్రకటన వెలువడినపుడు, ఏ విషయములో డిగ్రీ పొందినవారైనను అర్హులని ప్రభుత్వము నిర్ణయించినది. 2019లో పనిలో చేరినవారు ఇంటిపన్ను లెక్కలు, పారిశుద్ధ్యము, నర్సరీల పెంపకము కళాశాలలో చదివి వచ్చినవారు కారు. పని చేయుచు నేర్చుకొనినవారే. చదివి గ్రహించుట, స్పష్టముగా వ్రాయుట, లెక్క తప్పకుండుట అను శక్తులను డిగ్రీ అలవరచును. వృత్తి మెలకువలు పనిచోటనే పట్టుబడును. కంపెనీలోని గిడ్డంగి లెక్కలకు, ఉత్తరప్రత్యుత్తరములకు, కంప్యూటరు నమోదులకు కావలసినదియు ఇదియే.

ఇట్టి శిక్షణకు ముఖ్యముగా రెండు మార్గములు కలవు. మొదటిది 1961 నాటి అప్రెంటిస్ చట్టము. 2014లో చేసిన సవరణతో ఇంజనీరింగు చదువని పట్టభద్రులకును ఇందులో చోటు లభించినది. 2019లో సవరించిన నిబంధనలు పట్టభద్రులకు నెలకు 9,000 రూపాయలను కనీస భృతిగా నిర్ణయించినవి. 30 మంది లేక అంతకు మించి పనివారు గల సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకొనుట విధియైనది. శిక్షణార్థికిని సంస్థకును వ్రాతపూర్వకమైన ఒప్పందము ఉండవలెను. అది నమోదు కావలెను. పనిలో గాయపడినచో నష్టపరిహారము పొందు హక్కు కలదు.

రెండవది 2024 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రయోగాత్మకముగా ప్రారంభించిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకము. ఆనాటి నిబంధనల ప్రకారము 21 నుండి 24 ఏండ్ల వయస్సువారికి పేరుపొందిన కంపెనీలలో 12 నెలల శిక్షణ, నెలకు 5,000 రూపాయల భృతి, ఒకేసారి ఇచ్చు 6,000 రూపాయలు నిర్దేశింపబడినవి. బి.ఏ., బి.కాం., బి.యస్సీ. చదివినవారును ఇతర నిబంధనలకు లోబడి అర్హులే. నిబంధనలు మారుచుండును గనుక దరఖాస్తునకు ముందు ప్రభుత్వ వెబ్‌సైటులో సరిచూచుకొనవలెను.

ఈ పథకపు తొలివిడత మనకొక పాఠము నేర్పినది. కంపెనీలు 82,000కు పైగా అవకాశములను అభ్యర్థులకు అందింపగా, 28,000 మంది అంగీకరించిరి; కడకు చేరినవారు సుమారు 8,700 మంది మాత్రమే. పనిచోటు దూరమగుట, శిక్షణాకాలము దీర్ఘమగుట, పని తమకు నచ్చినది కాకపోవుట ముఖ్యకారణములని తేలినది. పల్లెవాసులకు ఇందు వింతయేమియు లేదు. హైదరాబాదులో గది అద్దె, భోజనము, రాకపోకలు కలిపి చూచినచో 5,000 రూపాయలు చాలవు. మిగిలిన ఖర్చు ఇంటివారే భరింపవలెను. అప్పు చేసి పంపుట వివేకము కాదు.

కావున సమీపమున ఉన్న అవకాశములను ముందు వెదకవలెను. జడ్చర్ల వద్ద పోలేపల్లిలోను, చౌటుప్పల్ పరిసరములలోను మందుల పరిశ్రమలు, హుజూర్‌నగర్ ప్రాంతమున సిమెంటు కర్మాగారములు కలవు. ఇంటినుండి వెళ్లి రాగల చోట తక్కువ భృతియైనను సరిపోవును. 2023 డిసెంబరు నుండి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్రపు మహిళలకు ప్రయాణము ఉచితమగుటచే ఆడపిల్లలకు ఈ సౌకర్యము మరింత ఉపకరించును.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు కొన్ని కలవు. గ్రామములోని పట్టభద్రుల పేర్లు, చదువులు ఒక పుస్తకమున వ్రాసియుంచవచ్చును. అవకాశముల ప్రకటనలను పంచాయతీ కార్యాలయపు గోడపై అంటించి, గ్రామసభలో చదివి వినిపింపవచ్చును. ఎవరైనను శిక్షణకు బయలుదేరునపుడు తల్లిదండ్రులతో కూర్చుండి ఈ ప్రశ్నలు అడుగుడు: వ్రాతపూర్వకమైన ఒప్పందము ఉన్నదా? ఏ పని నేర్పుదురు? ఎంతకాలము? భృతి బ్యాంకు ఖాతాలో పడునా? బస ఎచ్చట? కడపట ధ్రువపత్రము ఇత్తురా?

అన్నింటికంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి: ఎవరైనను సొమ్ము అడిగినారా? శిక్షణార్థి భృతి పుచ్చుకొనవలసినవాడేగాని రుసుము చెల్లింపవలసినవాడు కాడు. "లక్ష కట్టుడు, కంపెనీలో పెట్టించెదము" అను దళారిని నమ్మి అరయెకరము అమ్ముకొనిన కుటుంబమునకు ఆ భూమి తిరిగి రాదు. అట్టివాడు ఊరిలో అడుగిడినపుడే హెచ్చరించుట మీ బాధ్యత.

శిక్షణ ఉద్యోగము కాదు. అది ముగిసిన పిదప పని ఇచ్చి తీరవలెనని చట్టము కంపెనీని నిర్బంధింపదు. ఈ మాట దాచి పంపినచో నిరాశ మిగులును. ముందే చెప్పి పంపినచో ఆ యువకుడు మరొక తలుపు తట్టుటకు సిద్ధముగ ఉండును. ఏడాది క్రమశిక్షణ, చేతిపని, ధ్రువపత్రము అతనికి తోడుగ నిలుచును. చదివినది వేరైనను నేర్చుకొను బుద్ధి ఉన్నవానికి దారి మూసికొనిపోదని ఇంటింట చెప్పుటకు మీకంటె తగినవారు గ్రామమున లేరు.