పాత కంప్యూటర్ ఊరికే ఇస్తామంటే..

పట్నాల్లో కంపెనీలు, కాలేజీలు పాత కంప్యూటర్లను పక్కన పెట్టేస్తున్నాయి. విండోస్-10కు మామూలుగా ఉచితంగా ఇచ్చే అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ఆపేసింది. విండోస్-11ను మోసే శక్తి పాత యంత్రాల్లో చాలావాటికి లేదు. అంతమాత్రాన అవి చెడిపోయినట్లు కాదు. బాగుచేయించి రైతు సంఘాలకు, మహిళా సంఘాలకు, ఊరి గ్రంథాలయాలకు ఇచ్చే దాతలున్నారు.

ఊరికే వస్తోంది కదా అని ఆటోలో వేసుకుని రాకండి. సంతలో ఎద్దుకు పళ్లు చూసినట్లే దీనికీ చూడాల్సినవి ఉన్నాయి.

ముందు పనేమిటో తేల్చుకోవాలి. మహారాష్ట్రలోని వారణా చెరకు సహకార సంఘం పరిధిలో 1998లో ఊళ్లలో కంప్యూటర్ కేంద్రాలు పెట్టారు. రైతులు ఎక్కువగా చూసుకున్నది చెరకు తూకం, ఎరువుల లెక్కలే. తర్వాత కొన్ని ఊళ్లలో ప్రయోగంగా కంప్యూటర్ తీసేసి ఆ లెక్కలే సెల్‌ఫోన్ మెసేజీల్లో ఇచ్చారు. పని జరిగింది. మార్కెట్ ధర చూసుకోవడానికే అయితే చేతిలో ఫోను చాలు. సభ్యుల పద్దులు, అప్పుల రిజిస్టరు, ఉమ్మడిగా తెచ్చిన ఎరువుల లెక్క, బిల్లుల ప్రింటు.. వీటికైతే కంప్యూటర్ ఉండాల్సిందే.

ఇక యంత్రం సంగతి. తిరిగే పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేశారా అని అడగండి. ర్యామ్ 8 జీబీ ఉంటే మేలు. తెరుచుకోవడానికి పది నిమిషాలు తీసుకునే కంప్యూటర్ జోలికి నెల తిరక్కుండానే ఎవరూ పోరు. ఆపి మళ్లీ వేసినప్పుడల్లా తేదీ తప్పు చూపిస్తుంటే లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట. తేదీ తప్పితే బ్యాంకు వెబ్‌సైట్లు తెరుచుకోవు. ఖర్చు కొద్దిపాటిదే, మార్పిస్తే సరి. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ఛార్జింగు పెట్టొద్దు, నిప్పంటుకునే ప్రమాదముంది. పాతకాలపు టీవీ పెట్టెలాంటి మానిటర్ వద్దే వద్దనండి. దాని గాజులో సీసం ఉంటుంది, కరెంటూ ఎక్కువ తాగుతుంది.

అప్‌డేట్లు రాని విండోస్-10తోనే ఇస్తే బ్యాంకు లావాదేవీలకు వాడకూడదు. ఉచితంగా దొరికే లైనక్స్ వేసి ఇస్తే తీసుకోవచ్చు, తెలుగు టైపింగూ వస్తుంది. కానీ మీ ప్రింటరు, వేలిముద్ర యంత్రం దాంతో నడుస్తాయో లేదో అక్కడే తగిలించి చూడాలి.

మన ఊళ్ల కరెంటు గురించి కొత్తగా చెప్పేదేముంది! ఓల్టేజీ హెచ్చుతగ్గులకు బోరు మోటార్లే కాలిపోతున్నాయి. యూపీఎస్, సరైన ఎర్తింగ్ లేకుండా స్విచ్ వేయొద్దు. యూపీఎస్ బ్యాటరీని రెండు మూడేళ్లకు మార్చాల్సి వస్తుంది. ఆ సొమ్ము సంఘమే ఇప్పట్నుంచీ కూడబెట్టాలి. ఇచ్చేవాళ్లకు ఈ ఖర్చు గుర్తుకు రాదు.

తీర్మానం రాసి స్టాకు రిజిస్టరులో ఎక్కించండి. లేకుంటే అధ్యక్షుడి ఇంట్లో పిల్లల ఆటవస్తువైపోతుంది. పూర్తిగా చెడితే పాత ఇనుప సామాన్ల వాళ్లకు వేయకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అది నమోదైన రీసైక్లరుకే చేరాలి. పనికిరాని రోజున వెనక్కి తీసుకుంటారా అని దాతను ముందే అడిగి, కాగితం మీద రాయించుకోండి.